తడి గట్టు మీద రాత్రి వెలుగు: చౌక జలనిరోధక టార్చిలైట్ల పోలిక, బల్బు మార్పిడి

వ్యవసాయ పనిముట్ల జాబితాల్లో టార్చిలైటుకు సాధారణంగా చోటు ఉండదు. అయితే కాలువ నీటి వంతు అర్ధరాత్రి వచ్చినా, గాలివానకు మడి గట్టు తెగినా, మోటారు ఆగిపోయినా రైతు చేతిలో ముందుగా ఉండవలసిన సాధనం అదే. చేపలు, రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. కనుక ఎయిరేటర్లు తిరుగుతున్నదీ లేనిదీ చూడడానికి కాపలాదారు ఆ వేళలోనే గట్టు చుట్టూ నడవాలి. ఈ పనులన్నింటికీ ఉమ్మడిగా ఉండే పరిస్థితులు రెండు: చీకటి, తడి.

ఈ రెండింటి మధ్య పొంచి ఉండే ప్రమాదం పాముకాటు. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది మరణించారని 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాల్లో అత్యధికం గ్రామీణ ప్రాంతాలవే. దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు గల వర్షాకాలంలో సంభవించాయి. మరణభారం అధికంగా గల రాష్ట్రాల్లో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాత్రి నడిచేటప్పుడు టార్చిలైటు, కాళ్లకు పాదరక్షలు తప్పనిసరి అని నిపుణులు చెప్పే సలహా అందరికీ తెలిసినదే. ఎటువంటి టార్చిలైటు అన్న ప్రశ్నకు మాత్రం తగినంత వివరణ లభించడం లేదు. అంగడిలో దూరాన్ని చూసి కొన్న లైటు గట్టు మీద పాదాల ముందు చూపించవలసినది చూపించకపోవచ్చు. మొదటి వానకే ఆరిపోవచ్చు.

కావలసిన వెలుగు ఎంత?

టార్చిలైటు పెట్టెపై సాధారణంగా రెండు సంఖ్యలు కనిపిస్తాయి. మొదటిది లైటు అన్ని దిక్కులకూ వెలువరించే మొత్తం కాంతి. దీనిని ల్యూమెన్లలో కొలుస్తారు. రెండవది కాంతి చేరే దూరం, మీటర్లలో. అమెరికాలో 2009లో రూపొందిన ఎఫ్.ఎల్.1 ప్రమాణం ప్రకారం, కాంతిపుంజం మధ్యలో వెలుగు 0.25 లక్సుకు తగ్గే చోటును ఆ లైటు దూరంగా పరిగణిస్తారు. 0.25 లక్సు అంటే నిండు పున్నమి వెన్నెల నేలపై పరిచే వెలుగుకు దగ్గరి విలువ. కాబట్టి పెట్టెపై 200 మీటర్లు అని ఉంటే, ఆ దూరంలో వెన్నెలపాటి వెలుగు మాత్రమే ఉంటుందని అర్థం. ఎండుగడ్డిలో చుట్టుకొని ఉన్న రక్తపింజరను గుర్తించడానికి ఆ వెలుగు చాలదు.

దూరం పెంచడానికి చెల్లించవలసిన మూల్యమూ ఎక్కువే. కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 200 మీటర్లు చేరడానికి పుంజం మధ్యలో 10,000 క్యాండెలాల తీవ్రత అవసరం కాగా, 400 మీటర్లకు 40,000 క్యాండెలాలు కావాలి. తయారీదారు ఈ తీవ్రతను రెండు విధాలుగా సాధిస్తాడు: విద్యుత్తు ఎక్కువ వాడడం, లేదా ఉన్న కాంతిని సన్నని పుంజంగా బిగించడం. మొదటి పద్ధతిలో సెల్లులు త్వరగా అయిపోతాయి. రెండవ పద్ధతిలో పాదాల ముందు ఒక చిన్న మచ్చ మాత్రమే వెలుగుతుంది, దాని చుట్టూ చీకటి మరింత దట్టంగా కనిపిస్తుంది.

గట్టు మీద నడిచే వ్యక్తికి కావలసినది ఇందుకు భిన్నం. రక్తపింజర అడుగుల చప్పుడుకు తొలగిపోకుండా చాలాసార్లు ఉన్నచోటనే కదలక ఉంటుంది. కట్లపాము రాత్రివేళ సంచరిస్తుంది. వెలుగు పాములను పారద్రోలదు. మనిషి వాటిని ముందుగా చూసి ఆగడానికి మాత్రమే తోడ్పడుతుంది. ఆగడానికి రెండు మూడు అడుగుల వ్యవధి అవసరం గనుక, మూడు నుంచి ఐదు మీటర్ల దూరంలో గట్టు వెడల్పంతా సమంగా వెలగాలి. 60 ల్యూమెన్ల కాంతి 3 మీటర్ల వ్యాసం గల వృత్తంలో సమంగా పరచుకుంటే సగటున 8 లక్సుల వెలుగు లభిస్తుంది. ఇది వెన్నెలకు 30 రెట్ల పైమాటే. అంటే ఈ పనికి 500 ల్యూమెన్ల లైటు అక్కరలేదు. 50 నుంచి 100 ల్యూమెన్ల కాంతి వెడల్పుగా, రాత్రంతా నిలకడగా వస్తే సరిపోతుంది. ఈ అవగాహన ఉంటే చౌక టార్చిలైటే సరైన ఎంపిక కాగలదు.

'వాటర్‌ప్రూఫ్' అనే మాటకు గల అర్థం

వాటర్‌ప్రూఫ్ అనే ముద్రకు మాత్రమే విలువ లేదు. ఐ.ఇ.సి. 60529 ప్రమాణం ప్రకారం ఇచ్చే ఐ.పి. సంఖ్యను చూడాలి. ఇందులో మొదటి అంకె దుమ్ము వంటి ఘనపదార్థాల నుంచి, రెండవ అంకె నీటి నుంచి రక్షణను తెలుపుతుంది. దుమ్ము పరీక్ష జరపనప్పుడు మొదటి అంకె స్థానంలో ఎక్స్ అనే అక్షరం ఉంటుంది.

ఐ.పి.ఎక్స్.4 అంటే అన్ని వైపుల నుంచి పడే తుంపరలను తట్టుకోవడం. వానలో నడవడానికి ఇది సరిపోతుంది. ఐ.పి.ఎక్స్.6 బలమైన నీటి ధారను తట్టుకోవడాన్ని సూచిస్తుంది. ఐ.పి.ఎక్స్.7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా హానికరమైన పరిమాణంలో నీరు లోపలికి చేరకపోవడం. ఐ.పి.ఎక్స్.8 అంతకు మించిన లోతు లేదా కాలానికి, తయారీదారు పేర్కొన్న షరతుల మేరకు వర్తిస్తుంది. మునకను తట్టుకున్న లైటు నీటి ధారను కూడా తట్టుకుంటుందని అనుకోరాదు. ఆ రెండూ వేర్వేరు పరీక్షలు. పైగా పరీక్షలు మంచినీటితో, కొత్త లైటుపై జరుగుతాయి. చెరువు బురద, ఉప్పునీరు, రెండేళ్ల వాడకం వాటిలో లెక్కకు రావు. మడిలోనో కాలువలోనో జారిపడే అవకాశం ఉన్నచోట ఐ.పి.ఎక్స్.7 స్థాయి లైటును కోరడం సమంజసం.

నీరు లోపలికి చేరే మార్గాలు నాలుగు: ముందరి అద్దం అంచు, తలభాగపు మర, స్విచ్చి, ఛార్జింగు రంధ్రం. అద్దం, మరల వద్ద ఓ-రింగు అనే రబ్బరు వలయం రక్షణ కల్పిస్తుంది. జారుడు స్విచ్చి కింద ఉన్న చీలికను పూర్తిగా మూయడం కష్టం. రబ్బరు టోపీ కింద నొక్కే స్విచ్చి, లేదా తలభాగాన్ని తిప్పితే వెలిగే ఏర్పాటు మేలు.

వేడి, చలువల ప్రభావం మరొక కారణం. పగలంతా ఎండలో 45 డిగ్రీల వరకు వేడెక్కిన లైటు 25 డిగ్రీల నీటిలో పడితే, లోపలి గాలి చల్లబడి పీడనం సుమారు 6 శాతం తగ్గుతుంది. ఈ తేడా 60 సెంటీమీటర్లకు పైగా లోతు గల నీటి ఒత్తిడికి సమానం. అందువలన పైపైన తేలిన లైటు కూడా బలహీనమైన సీలు గుండా నీటిని పీల్చుకుంటుంది. ట్రాక్టరు పెట్టెలో, పంపుసెట్టు రేకుల షెడ్డులో పడి ఉండే లైట్లు తొలివానకే చెడిపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అంగడిలో దొరికే రకాలు

తక్కువ ధర టార్చిలైట్లను నాలుగు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది రెండు లేదా మూడు డ్రై సెల్లులతో పనిచేసే పాతరకం లైటు. మరమ్మతు సులభం, సెల్లులు ప్రతి పల్లెలోనూ దొరుకుతాయి. అయితే జారుడు స్విచ్చి, రేకు తొడుగు కారణంగా నీటి రక్షణ తక్కువ.

రెండవది గోడ ప్లగ్గులో గుచ్చి ఛార్జి చేసే ప్లాస్టిక్ లైటు. నెలనెలా సెల్లుల ఖర్చు ఉండదు. కాని పిన్నులు బయటకు వచ్చే చీలిక గుండా నీరు సులభంగా చేరుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న రకాలను పని లేని కాలంలో ఛార్జి లేకుండా వదిలేస్తే పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ దెబ్బతింటుంది. కొన్నింటిలో ఛార్జింగు సర్క్యూట్‌కు, ఇంటి కరెంటుకు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అటువంటి లైటును ఛార్జి అవుతుండగా తడిచేతితో తాకడం, విప్పడం ప్రాణాంతకం.

మూడవది మందపాటి ప్లాస్టిక్ లేదా రబ్బరు తొడుగు, తలభాగంలో ఓ-రింగు గల నీటి పనుల లైటు. మూడు లేదా నాలుగు సెల్లులతో పనిచేసే ఈ తరగతిలో ఫిలమెంటు బల్బుతో వచ్చినవి ఇప్పటికీ కొందరి వద్ద ఉన్నాయి. సీలు గట్టిదై, వెలుగు మాత్రమే తక్కువగా ఉన్న ఇటువంటి లైటు బల్బు మార్పిడికి అన్నింటికన్నా అనువైనది.

నాలుగవది లిథియం అయాన్ సెల్లుతో పనిచేసే చిన్న అల్యూమినియం లైటు. వెలుగు అధికం, తొడుగు దృఢం. అయితే చౌక రకాల్లో ప్రకటిత ల్యూమెన్లను నమ్మడానికి వీలు లేదు. గరిష్ఠ వెలుగు కొద్ది నిమిషాలకే తగ్గుతుంది. రక్షణ సర్క్యూట్ లేని సెల్లు షార్టయితే మంటలు రేగవచ్చు.

తలకు తగిలించుకునే లైటు చేతులు రెంటినీ ఖాళీగా ఉంచుతుంది గనుక గండి పూడ్చడానికి, వల లాగడానికి అనువు. అయితే కంటి వరుస నుంచి పడే వెలుగులో నీడలు కనిపించవు, నేల చదునుగా తోస్తుంది. నడుము ఎత్తున చేతిలో పట్టుకున్న లైటు వేసే నీడలే గట్టుపై ఉన్న వస్తువు ఆకారాన్ని తెలుపుతాయి. నడకకు చేతి లైటు, పనికి తల లైటు అన్నది సరైన విభజన.

ఫిలమెంటు నుంచి ఎల్.ఇ.డి.కి

సాధారణ టార్చి బల్బు వాట్‌కు సుమారు 10 ల్యూమెన్ల లోపు కాంతిని మాత్రమే ఇస్తుంది; మిగిలిన శక్తి వేడిగా పోతుంది. నేటి తెల్లని ఎల్.ఇ.డి. వాట్‌కు 100 ల్యూమెన్లు దాటడం సామాన్యం. మూడు సెల్లుల లైటులో వాడే 3.8 వోల్టులు, 0.3 ఆంపియర్ల బల్బు 1.14 వాట్లు తీసుకొని దాదాపు 10 ల్యూమెన్ల వెలుగునిస్తుంది. ఆ కాంతి 3 మీటర్ల వృత్తంలో పరచుకుంటే ఒకటిన్నర లక్సు మించదు. అదే చోట 0.45 వాట్ల ఎల్.ఇ.డి. సుమారు 45 ల్యూమెన్లు ఇస్తుంది. వెలుగు నాలుగు రెట్లు పెరిగి, సెల్లు నుంచి తీసుకునే కరెంటు సగానికి తగ్గుతుంది.

ఫిలమెంటు బల్బుకు గల మరొక లోపం వోల్టేజీ తగ్గుదలను తట్టుకోలేకపోవడం. వోల్టేజీ 20 శాతం తగ్గితే వెలుగు సగానికన్నా దిగువకు పడిపోతుంది. ఎక్కువ వెలుగు కోసం వోల్టేజీని 10 శాతం పెంచితే బల్బు ఆయుష్షు మూడవ వంతుకు చేరుతుంది. కింద పడినప్పుడు ఫిలమెంటు తెగడం అందరి అనుభవంలో ఉన్నదే.

మార్పిడిలో గమనించవలసిన అంశాలు

1. బల్బు పిడి: మర గల పిడి, అంచు గల పిడి అని రెండు రకాలున్నాయి. పాత బల్బును వెంట తీసుకెళ్లి అదే పిడి గల ఎల్.ఇ.డి. బల్బును ఎంచుకోవాలి.

2. సెల్లుల సంఖ్య: తెల్లని ఎల్.ఇ.డి. వెలగడానికి సుమారు 3 వోల్టులు అవసరం. రెండు సెల్లులు కొత్తగా ఉన్నప్పుడే 3 వోల్టులిస్తాయి. కొద్ది వాడకానికే అంతకు తగ్గుతాయి. అందువలన రెండు సెల్లుల లైటుకు వోల్టేజీని పెంచే సర్క్యూట్ గల బల్బే కావాలి. మూడు సెల్లుల లైటులో 4.5 వోల్టులు ఉంటాయి గనుక కరెంటును అదుపు చేయడానికి ఒక రెసిస్టరు చాలు. మిగిలే 1.5 వోల్టులను 0.15 ఆంపియర్లతో భాగిస్తే 10 ఓములు వస్తుంది. రెసిస్టరు లేకుండా ఎల్.ఇ.డి.ని నేరుగా కలిపితే కరెంటు హద్దు మీరి అది కాలిపోతుంది.

3. ధన, రుణ దిశలు: ఫిలమెంటు బల్బుకు దిశ లేదు, ఎల్.ఇ.డి.కి ఉంది. కొన్ని లైట్లలో సెల్లులను తలకిందులుగా అమర్చుతారు. బల్బుపై గల సూచన చదివిన తరువాతనే సెల్లులు వేయాలి.

4. వేడి: ఎల్.ఇ.డి. కాంతి ముందుకు పోయినా, వేడి దాని వెనుక భాగంలోనే నిలుస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ తొడుగులో అది బయటపడే దారి లేదు. ఇటువంటి లైట్లకు అర వాటు నుంచి ఒక వాటు లోపు బల్బు తగినది. 3 వాట్ల బల్బు బిగిస్తే మొదట్లో కళ్లు జిగేల్మన్నా, వేడికి క్రమంగా మసకబారి త్వరగా పాడవుతుంది.

5. అద్దపు గిన్నె ఆకారం: ఫిలమెంటు చుట్టూ కాంతిని వెదజల్లితే గిన్నె దానిని పోగుచేసి ముందుకు పంపుతుంది. ముందుకు మాత్రమే చూసే ఎల్.ఇ.డి. కాంతిలో చాలా భాగం గిన్నెను తాకకుండానే విస్తరిస్తుంది. దీనివలన దూరం తగ్గి వెడల్పు పెరుగుతుంది. దూరం కోరేవారికి లోపంగా కనిపించే ఈ లక్షణం గట్టు నడకకు మేలే చేస్తుంది.

6. రంగు: నీలిఛాయ గల తెలుపు కన్నా పసుపుఛాయ గల తెలుపు మట్టి, గడ్డి, ఎండుటాకుల రంగుల తేడాను బాగా చూపుతుంది. పురుగులను ఆకర్షించడం కూడా తక్కువ.

7. సీలు: బల్బు మార్పిడికి అద్దాన్ని, తలభాగాన్ని విప్పినప్పుడు ఓ-రింగును మెత్తని గుడ్డతో తుడిచి, ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా చూసి, సిలికాన్ గ్రీజు పల్చగా పూసి బిగించాలి. మోటారు గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. కొత్త బల్బు కోసం తొడుగుకు రంధ్రం చేయడం, అద్దాన్ని అరగదీయడం తగదు. వెలుగు పెరిగి సీలు పోతే మార్పిడి ప్రయోజనం నెరవేరదు.

సెల్లులు, భద్రత

జింకు కార్బన్ సెల్లులో బయటి జింకు డబ్బాయే రసాయన చర్యలో కరుగుతుంది. అందుకే అరిగిన సెల్లును లోపలే వదిలేస్తే కారి, స్ప్రింగును తినివేస్తుంది. ఆల్కలైన్ సెల్లు ఎక్కువ గంటలు పనిచేసినా అదీ కారుతుంది. దాని క్షారపు తెల్లని పొడిని వెనిగర్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. తిరిగి ఛార్జి చేయగల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులే ఇచ్చినా వోల్టేజీ నిలకడగా ఉంటుంది. 2000 మిల్లీ ఆంపియర్-గంటల సెల్లులు 0.15 ఆంపియర్ల చొప్పున సుమారు 13 గంటలు, అంటే ఒక పూర్తి రాత్రి నడుస్తాయి.

గట్టి సీలు గల లైటులో ఒక దాగిన ప్రమాదం ఉంది. కొత్త, పాత సెల్లులు కలిపి వాడినప్పుడు బలహీనమైన సెల్లు నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు. బయటకు దారి లేక అది లోపల నిండితే పేలుడుకు అవకాశముంది. నీటిలో ఈదేవారి లైట్లలో ఈ వాయువును పీల్చే ఉత్ప్రేరక గుళికను అమర్చేది ఇందుకే. ఒకే రకం, ఒకే వయసు సెల్లులు వాడాలి. నిల్వ ఉంచేటప్పుడు సెల్లులు తీసి మూతను వదులు చేయాలి. సీలు చేసిన లైటులోపల ఉంచి సెల్లులను ఛార్జి చేయరాదు. 1.5 వోల్టుల సెల్లు పరిమాణంలోనే దొరికే 3.7 వోల్టుల లిథియం సెల్లును దాని బదులు వేయరాదు.

పోల్చి చూసే పద్ధతి

ఖరీదైన ఉపకరణాలు లేకుండానే విద్యార్థులు ఈ పోలికను నిర్వహించవచ్చు. చౌక లైట్లలో నాణ్యత ఒక్కొక్క దానికి మారుతుంది గనుక ప్రతి రకంలో కనీసం మూడింటిని తీసుకోవాలి.

మొత్తం వెలుగు: చీకటి గదిలో లైటును పైకప్పు వైపు నిలిపి, ఒక నిర్ణీత చోట లక్స్ మీటరుతో రీడింగు తీసుకోవాలి. ఫోనులోని యాప్ విలువలు పోలికకు మాత్రమే పనికివస్తాయి. అన్ని లైట్లకూ అదే ఫోను వాడాలి.

దూరం: 5 మీటర్ల దూరంలో పుంజం మధ్య 20 లక్సులు నమోదైతే తీవ్రత 20ని 25తో గుణించగా 500 క్యాండెలాలు. దాని వర్గమూలానికి రెట్టింపు, అంటే సుమారు 45 మీటర్లు, ఆ లైటు దూరం. దీనికి నిజమైన లక్స్ మీటరు అవసరం.

నిలకడ: కొత్త సెల్లులతో వెలిగించి ప్రతి అరగంటకు రీడింగు నమోదు చేయాలి. ఎఫ్.ఎల్.1 ప్రమాణం వెలుగు 10 శాతానికి తగ్గేవరకు గల కాలాన్ని లెక్కిస్తుంది. క్షేత్ర అవసరానికి సగానికి తగ్గే కాలాన్ని కూడా నమోదు చేయడం మంచిది.

నీటి రక్షణ: సెల్లులు తీసి, లోపల పొడి కాగితం ముక్క ఉంచి, లైటును గంటసేపు ఎండలో పెట్టి, వెంటనే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచాలి. కాగితం తడిస్తే సీలు విఫలమైనట్లే. బల్బు మార్చక ముందు, మార్చిన తరువాత రెండుసార్లూ ఈ పరీక్ష జరపాలి.

గుర్తింపు: అసలు ప్రయోజనాన్ని కొలిచే పరీక్ష ఇది. పగటివేళ పరిశీలించి సురక్షితమని నిర్ధారించుకున్న గట్టుపై అరమీటరు పొడవు గల కొబ్బరితాడు ముక్కలు ఇరవై చోట్ల ఉంచాలి. వాటి స్థానాలు తెలియని వ్యక్తి, పొడవాటి బూట్లు ధరించి, మామూలు వేగంతో నడుస్తూ ఎన్నింటిని, ఎంత దూరం నుంచి గుర్తించాడో లెక్కించాలి. లైటు మార్చిన ప్రతిసారీ తాళ్ల స్థానాలు మార్చాలి. గదిలో అధిక దూరం చూపిన లైటు, గట్టుపై ఎక్కువ తాళ్లను చూపిన లైటు ఒకటేనా అన్నది ఈ పరీక్షలో తేలుతుంది.

విస్తరణలో స్థానం

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఖరీఫ్‌కు ముందు జరిపే శిక్షణల్లో టార్చిలైటు పరిశీలనను చేర్చడానికి ప్రత్యేక వ్యయం అవసరం లేదు. రైతులు తమ లైట్లనే తెచ్చి బకెట్టు నీటిలో ముంచి చూడవచ్చు. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో పల్లెల్లో ఉండే విద్యార్థులు ఓ-రింగుల శుభ్రత, బల్బుల మార్పిడి, తాళ్ల పరీక్షలను నిర్వహించి ఆ ప్రాంతానికి తగిన లైట్లను సూచించగలరు. కాటు జరిగితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం చేయక, కాటు పడిన అవయవాన్ని కదల్చకుండా, యాంటీవీనమ్ గల ఆసుపత్రికి తక్షణం చేర్చాలన్న సూచనను కూడా అదే వేదికపై వివరించాలి.

ఎంపికలో పాటించవలసిన క్రమం స్పష్టం: ముందు సీలు, తరువాత వెలుగు వెడల్పు, ఆపై రాత్రంతా నిలిచే సెల్లు, చివరగా దూరం. సీలు బాగున్న పాత లైటు ఇంట్లో ఉంటే తగిన ఎల్.ఇ.డి. బల్బు ఒక్కటి చాలు. సీలు లేని లైటుకు ఎంత మంచి బల్బు వేసినా వానాకాలపు రాత్రికి అది నమ్మదగినది కాదు.